బల్ల మీద శ్రీకాంత్ పేరు

చనిపోయిన రోజున శ్రీకాంత్ చొక్కా జేబులో పదకొండు విజిటింగ్ కార్డులు దొరికాయి.

నార్కట్‌పల్లి దాటాక నల్లగొండ వైపు వెళ్లే రోడ్డు మలుపులో, మధ్యాహ్నం రెండున్నరకు అతని బైకును ఒక లారీ గుద్దింది. లారీ ఆగలేదు. సీసీ కెమెరాలో కనిపించిన నంబరు ఒక ట్రాక్టరుది. పది కార్డుల మీద మామూలుగానే పేర్లు, ఫోన్ నంబర్లు, కంపెనీల గుర్తులు ఉన్నాయి. పదకొండోది నల్లటి ప్లాస్టిక్ ముక్క. దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు. ఫోన్‌కు ఆనిస్తే వివరాలు వాటంతటవే ఎక్కే చిప్ కార్డు అది. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ విప్పి చూసేసరికి లోపలి చిప్ మాడిపోయి ఉంది.

శ్రీకాంత్ ముప్పై నాలుగేళ్ల ఇంజనీరు. శత్రువుల డ్రోన్లకు సిగ్నల్ అందకుండా చేసే జామర్ తయారుచేసే ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాడు. అతను పోయిన ఆరు నెలలకు ఒక సరిహద్దు పోస్టు మీదకు డ్రోన్లు వచ్చాయి. జామర్ ఆన్‌లోనే ఉంది. అయినా అవి సూటిగా వచ్చి పడ్డాయి. నలుగురు జవాన్లు చనిపోయారు. శ్రీకాంత్ డిజైన్ విదేశీ ముఠా చేతికి చేరిందని అప్పుడు అందరికీ అర్థమైంది.

ఏసోబుకు అంతకంటే ముందే అర్థమైంది.

ఏసోబుది రామన్నపేట. నిఘా విభాగంలో పధ్నాలుగేళ్లు పనిచేశాక శ్రీకాంత్‌ను కలిశాడు. మనుషులు తనను మరిచిపోయేలా మసలడం అతని వృత్తి. ఎత్తూ రంగూ గొంతూ అన్నీ నడిమిరకం. కానీ కావాలనుకుంటే ఏడు నిమిషాల్లో ఎదుటి మనిషికి జీవితాంతం గుర్తుండిపోగలడు. ఆ విద్యతోనే డిపార్ట్‌మెంట్ అతన్ని మహబూబ్‌నగర్‌లో జరిగిన ఒక నెట్‌వర్కింగ్ మీట్‌కు పంపింది. ఇంజనీర్ల చుట్టూ ఎవరు తిరుగుతున్నారో కనిపెట్టడం పని. అక్కడ ఒక స్తంభం పక్కన, కాగితపు ప్లేటును రెండు చేతులతో పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడలేక నిలబడి ఉన్న మనిషి కనిపించాడు. అతనే శ్రీకాంత్.

ఏసోబు దొంగపేరుతో పరిచయం చేసుకున్నాడు. ఇలాంటి మనిషి తనకు ఒక జత కళ్లుగా పనికొస్తాడనుకున్నాడు. అందుకే నేర్పించాడు. ముందే కార్డు చాపొద్దన్నాడు. ఎదుటివాడి పనిలో అన్నిటికంటే కష్టమైనదేమిటో అడగమన్నాడు. చెప్పేది అయిపోయేదాకా వినమన్నాడు. అతను చెప్పినదాంట్లో ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని మరుసటి పొద్దున దాని గురించే రెండు వాక్యాల మెసేజ్ పెట్టమన్నాడు. శ్రీకాంత్ బడిపిల్లాడిలా శ్రద్ధగా నేర్చుకున్నాడు. మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం ఫోన్ చేశాడు.

"అన్నా, ఇయ్యాల నేనే పోయి ఒకాయనను పలకరిచ్చిన. మస్తు మంచిగ ఇంటడన్నా ఆయన. గంటసేపు మాట్లాడుకున్నం."

ఏసోబు అప్పుడు వేరే పనిలో ఉన్నాడు. మంచిగయింది, రేపు చేస్తా అని పెట్టేశాడు. ఆ ఒకాయన పేరేమిటని అడగలేదు. నాలుగు రోజుల తర్వాత లారీ వచ్చింది.

ఆ తర్వాతి మూడేళ్లలో ఏసోబు హాజరైన ప్రతి హాల్లోనూ, ఏదో ఒక స్తంభం పక్కన, కాగితపు ప్లేటు పట్టుకుని శ్రీకాంత్ నిలబడి ఉండేవాడు. రెప్ప వేస్తే పోయేవాడు. ఫోన్‌లోని ఉద్యోగాల యాప్‌కు మాత్రం అతను పోయిన సంగతి తెలియదు. ప్రతి జూన్‌లో అది గుర్తుచేసేది: శ్రీకాంత్ ఉద్యోగంలో చేరి మరో ఏడాది పూర్తయింది, అభినందించండి.

*

బ్రీఫింగ్ మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోని ఒక కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో జరిగింది. చీఫ్ పేరు జబీన్. యాభై ఏళ్ల మనిషి, ఆ ఊళ్లోనే పుట్టింది. ఏసోబు ముఖానికి కొత్త ఫ్రేమ్ తొడిగి, అద్దం ముందు కూర్చోబెట్టి, దర్జీ కొలతలు తీసుకున్నంత మామూలుగా మాట్లాడింది. కళ్లజోడు ముక్కు దగ్గర కెమెరా. చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్. మైకు చొక్కా గుండీలో.

ముఠా మనిషికి ఫైల్లో పెట్టిన పేరు శ్రోత. అతని ముఖం ఎవరికీ తెలియదు. మూడేళ్లలో శ్రీకాంత్‌తో కలిపి ముగ్గురు ఇంజనీర్లు అతనికి దొరికారు, ముగ్గురూ చనిపోయారు. వాళ్ల ఇంటివాళ్లకు గుర్తున్నది ఒక్కటే: కొత్తగా ఎవరో పరిచయమయ్యాడట, బాగా వింటాడట. ఫోటో కూడా లేదు. ఫోటోలు తీసే చోట అతను ఉండడు.

ఇప్పుడతని గురి మనీష. ఇరవై ఆరేళ్లు, తిరుమలగిరి అమ్మాయి. పాత జామర్‌లోని లోపాన్ని సరిదిద్దిన బృందంలో ఆమె ఒకతె. టెస్ట్ సిస్టమ్ డిజిటల్ తాళంచెవి ఆమె ఆఫీసు ఫోన్‌లో ఉంది. ఒక్కసారి ఆ నల్లకార్డు ఫోన్‌కు తగిలితే చాలు, తాళంచెవి దేశం దాటుతుంది. కొత్త జామర్లు సోమవారం సరిహద్దుకు వెళ్తున్నాయి.

"శనివారం భువనగిరిల మీట్ ఉన్నది. చెయ్యి కలుపు అని పేరు. నడిపిచ్చేది మంజులత" అంది జబీన్.

ఏసోబు కళ్లజోడు తీసేశాడు. మహబూబ్‌నగర్ మీట్‌ను నడిపిందీ ఆమే. మంజులత డబుల్ ఏజెంట్ అని జబీన్ దాచలేదు. ముఠాకు ఆమె తమ మనిషి. ఏడాదిగా డిపార్ట్‌మెంట్‌కూ ఆమె తమ మనిషే. శ్రోతను ఆమె కూడా చూడలేదు. ఆదేశాలన్నీ ఫోన్‌లోనే వస్తాయి. ఆమె నిజంగా ఎటువైపో జబీన్‌కు కూడా పూర్తిగా తెలియదు.

మనీషను ఇంట్లోనే ఉండమంటే సరిపోదా అని అడిగాడు. ఆమె రాకపోతే శ్రోత రాడు. ముందే చెబితే ఆమె తన భయం దాచుకోలేకపోతుందంది జబీన్. అయితే తన బదులు ఇంకెవరినైనా పంపమన్నాడు. జబీన్ చాలాసేపు అతని కళ్లలోకి చూసింది, నిజంగానే కంటి పరీక్ష చేస్తున్నట్టు.

"నీకు శ్రీకాంత్ కనవడ్తుండని నాకు ఎరికే. రిపోర్టుల రాయలే నేను. కనవడితే కనవడనీ ఏసోబు. ఫికర్ జేయకు. పోయి పని జెయ్యి."

శ్రోతను గుర్తుపడితే చెప్పాల్సిన కోడ్ మాట: ఏసీ ఎక్కువైంది.

*

కన్వెన్షన్ హాలు కిటికీల్లోంచి భువనగిరి గుట్ట నల్లగా, నున్నగా, ఆకాశంలో సగం ఆక్రమించి కనిపిస్తోంది. ఉదయం పది గంటలు. మూడు వందల మంది. గుమ్మం దగ్గర పొడవాటి బల్ల మీద పేర్ల బ్యాడ్జీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఏసోబు ఈసారి వెంకటేష్, సోలార్ పంపుల డీలర్. తన బ్యాడ్జ్ కోసం వంగాడు.

రెండో వరసలో, ఎడమ చివర: పి. శ్రీకాంత్, సీనియర్ ఇంజనీర్.

కంపెనీ పేరు కూడా సరిగ్గానే ఉంది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి అతని పేరు రెండుసార్లు అడిగింది. అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చివరికి తన బ్యాడ్జ్ వేలితో చూపించి, తీసుకుని పక్కకు జరిగాడు. గుండీ మైకులో సంగతి చెప్పాడు. చెవిలో జబీన్ వెంటనే బదులిచ్చింది. అది తన పని కాదని, ముఠా అతన్ని గుర్తుపట్టి ఉండొచ్చని, జాగ్రత్తగా ఉండమని చెప్పింది.

లోపల మంజులత అతిథులకు ఎదురు వచ్చి చేతులు కలుపుతోంది. పోచంపల్లి పట్టుచీర, పొట్టిజుట్టు, ఒక్కసారి విన్న పేరు మరిచిపోని మనిషి. అతని చెయ్యి కూడా కలిపి, పంపుల వ్యాపారం ఎట్లున్నదని అడిగి, జవాబు వినకుండానే తర్వాతి మనిషి వైపు తిరిగింది. ఏసోబుకు ఆమె వేళ్లు మంచుముక్కల్లా తగిలాయి.

మనీష స్తంభం పక్కన నిలబడి ఉంది. కాగితపు ప్లేటు. రెండు చేతులు.

అతను ఆగిపోయాడు. తిరిగి వెళ్లిపోదామనుకున్నాడు. చెవిలో జబీన్ అతని పేరు ఒకసారి పలికింది, అంతే. అతను వెళ్లి, ఈ ఉప్మా తినాలంటే మూడో చెయ్యి కావాలన్నాడు. ఆమె నవ్వింది. పంపుల సంగతి ఎత్తలేదు. ఆమె పనిలో కష్టమేదని అడగబోయాడు, అది శ్రీకాంత్‌కు నేర్పిన ప్రశ్నేనని గుర్తొచ్చి మానుకున్నాడు. దాని బదులు తనది రామన్నపేటని, ఇలాంటి హాళ్లలోకి వచ్చిన మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదని చెప్పాడు. చాలా కాలం తర్వాత అతను పని మీద ఉండగా చెప్పిన నిజం అది.

ఆమె ప్లేటు పక్కన పెట్టింది.

"నేను అందరికి మా బాపు టెక్స్‌టైల్స్ అని చెప్తనన్నా. మార్కెట్ యార్డుల గోనె సంచులు కుడ్తడు ఆయన. ఆఫీసుల ఒక్కలకు గూడ తెల్వది. నీకెందుకో చెప్పిన."

అతను ఏదో అనేలోపు ఆమె భుజం వెనక, అదే స్తంభానికి ఆనుకుని, శ్రీకాంత్ నిలబడి వింటున్నాడు. ఎప్పటిలా రెప్ప వేస్తే పోలేదు. ఏసోబు ఏదో సాకు చెప్పి అక్కడినుంచి వచ్చేశాడు. తన చేతుల్లో ఇంకో ప్రాణం పడుతోందని, దాన్ని తాను మళ్లీ పారేసుకుంటాడని అనిపించింది. వాష్‌రూమ్‌లో ముఖం కడుక్కుని, అద్దంలోకి చూడకుండా బయటికి వచ్చాడు.

*

సాయంత్రం నాలుగింటికి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరికి మళ్లీ వెళ్లాడు. బల్ల వెనక ఎవరూ లేరు. శ్రీకాంత్ బ్యాడ్జ్ ఒక్కటే మిగిలి ఉంది. అది బోర్లా తిప్పి ఉంది.

"గా బ్యాడ్జ్ పెట్టింది నేనే" అంది మంజులత వెనకనుంచి, పువ్వుల కుండీ సర్దుతున్నట్టు వంగి. "మూడు నూర్ల మందిల గా పేరు జూసి ఉలిక్కిపడెటోళ్లు ఇద్దరే. ఒకరు నువ్వు. ఇంకొకడు చేసినోడు. పొద్దుగాల నువ్వు రాయి లెక్క నిలవడ్డవు. గిప్పుడు ఇంకెవడో అచ్చి బోర్లిచ్చి పోయిండు."

"ఎవడు?"

"నేను స్టేజి మీదున్న. కుండీల కెమెరా ఉన్నది. ఫోటో మీ మేడమ్‌కు పంపిచ్చిన."

ఆమె ఎందుకిదంతా చేస్తోందని అతను అడగలేదు, ఆమే చెప్పింది. మహబూబ్‌నగర్ మీట్‌కు వచ్చినవాళ్ల జాబితాను ముఠాకు ఇచ్చింది తనే. మార్కెటింగ్ కోసమన్నారు, నమ్మింది. శ్రీకాంత్ పేరు ఆ జాబితాలో తన చేతిరాతలో ఉంది. అతను పోయాక ఆ కాగితం ఫోటోను వాళ్లే తనకు పంపారు, నోరెత్తకుండా ఉండటానికి. ఇదంతా ఆమె కుండీలోంచి ఎండిన పువ్వులు ఏరుతూ, గొంతు పెంచకుండా చెప్పింది.

చెవిలో జబీన్ గొంతు వేగంగా వచ్చింది. బూడిదరంగు కోటు. నెరిసిన గడ్డం. బ్యాడ్జ్ మీద పేరు రాకేష్, ఇన్వెస్టర్. ఇప్పుడు ఎక్కడున్నాడో చూడు.

ఏసోబు హాల్లోకి తిరిగాడు. అక్కడ ఆఖరి కార్యక్రమం నడుస్తోంది. ఇద్దరిద్దరుగా చిన్న బల్లల దగ్గర కూర్చుని మూడు నిమిషాలు మాట్లాడుకోవాలి, గంట మోగగానే కార్డులు మార్చుకుని లేవాలి. దూరంగా, కిటికీ పక్క బల్ల దగ్గర బూడిదరంగు కోటు. ఎదురుగా మనీష. స్టేజి మీది గడియారంలో నలభై సెకన్లు మిగిలి ఉన్నాయి.

పరిగెత్తితే వాడు ఇప్పుడే కార్డు తాకిస్తాడు. బయట కాపలా ఉన్న డిపార్ట్‌మెంట్ వాళ్లకు హాలు దాటడానికి నిమిషం పడుతుంది. ఏసోబు నడిచాడు. స్తంభం దాటేటప్పుడు శ్రీకాంత్ అక్కడే ఉన్నాడని అతనికి తెలుసు. ఈసారి చూపు తిప్పుకోలేదు. సూటిగా చూసి, దాటి వెళ్లాడు.

రాకేష్ మనీష వైపు కొద్దిగా ముందుకు వంగి ఉన్నాడు. అతని తెలుగులో ఏ ఊరి యాసా లేదు. "గోనె సంచి కుట్టడం చిన్న పనేం కాదు. మీ నాన్నగారి వేళ్లే మీకు వచ్చాయి. అందుకే మీ సర్క్యూట్‌లలో అంత ఓపిక" అంటున్నాడు. మనీష కళ్లు తడిగా ఉన్నాయి. ఫోన్ ఆమె చేతిలో ఉంది. నల్లకార్డు అతని వేళ్ల మధ్య ఉంది.

పది సెకన్లు.

ఏసోబు ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మనీషమ్మా. మీ బాపు సంచుల సంగతి ఈయనకు నువ్వు చెప్పినవా?"

ఆమె అతని వైపు చూసింది. రాకేష్ వైపు చూసింది. మాటల్లో పడి తనకే తట్టని సంగతి అది. ఎంత వెతుక్కున్నా, తాను చెప్పినట్టు గుర్తులేదు.

"లేదు" అంది.

కార్డు ముందుకు వచ్చింది. ఆమె ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు అదుముకుంది. కార్డు ఫోన్ ఉండాల్సిన చోట గాలిని తాకి, బల్లకు తగిలి టక్కుమంది. గంట మోగింది.

ఏసీ ఎక్కువైందని ఏసోబు గుండీలోకి చెప్పాడు.

రాకేష్ తొందరపడలేదు. కార్డు జేబులో పెట్టుకుంటూ ఏసోబును మొదటిసారి చూసినట్టు చూశాడు. ముఖంలో నిజమైన ఆసక్తి కనిపించింది. "మీరు శ్రీకాంత్ చెప్పే అన్నయ్య కదూ. మీ గురించి చాలా చెప్పాడు. నేను అతని దగ్గరికి వెళ్లలేదు, తెలుసా? అతనే వచ్చాడు. నా పనిలో కష్టమేమిటని అడిగాడు. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ అడగలేదు."

ఏసోబు చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. వాడి గొంతు పట్టుకోకుండా ఉండటానికి అదొక్కటే దారి. రాకేష్ లేచి, కోటు సర్దుకుని, జనంలో కలవడానికి ఒక అడుగు వేశాడు. వంటవాళ్లు వాడే పక్కతలుపు పదిహేను అడుగుల దూరంలోనే ఉంది.

అప్పుడే మైకులో మంజులత గొంతు వినిపించింది. ఈ రోజు అందరి మనసులూ గెలుచుకున్న అతిథికి ప్రత్యేక బహుమతి ఉందంది. పేరు రాకేష్ అంది. స్పాట్‌లైట్ తిరిగి బూడిదరంగు కోటు మీద నిలిచింది. జనం చప్పట్లు కొడుతూ అతని చుట్టూ మూగారు, మూడు వందల ఫోన్లు పైకి లేచాయి. ముఖం ఎవరికీ తెలియని మనిషి ఏ వైపు తిరిగినా ఒక కెమెరా ఎదురైంది. అతను చేత్తో ముఖం కప్పుకున్నాడు. సిగ్గనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యలోనే తెల్లటోపీలు పెట్టుకుని క్యాటరింగ్ వేషంలో ఉన్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు అతని రెండు మోచేతులూ పట్టుకుని మర్యాదగా బయటికి నడిపించారు.

ఏసోబు మనీషకు నీళ్లు తెచ్చిచ్చి, చెప్పగలిగినంత చెప్పాడు. సంచుల సంగతి వాళ్లు తిరుమలగిరి వెళ్లి కనుక్కుని ఉంటారన్నాడు. ఆమె అంతా విని, బాపుకు ఫోన్ చేయాలంది. చేసి, తిన్నవా అని అడిగింది.

మంజులతను వేరే కారులో తీసుకెళ్లారు. సాక్షిగానో నిందితురాలిగానో ఇంకా తేలలేదు. ఎక్కేముందు ఆమె ఆ బ్యాడ్జ్ తెచ్చి ఏసోబు చేతిలో పెట్టింది.

*

మరుసటి రోజు ఆదివారం. ఏసోబు నల్లగొండ వెళ్లాడు. ఈ మూడేళ్లలో రెండుసార్లు ఆ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడు. శ్రీకాంత్ భార్య స్నిగ్ధ ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. తలుపు తీసి, ఎవరని అడక్కుండానే లోపలికి రమ్మంది. బల్ల మీద దిద్దుతున్న పరీక్ష పేపర్లున్నాయి.

అతను అంతా చెప్పాడు. తన ఉద్యోగం, దొంగపేరు, తాను నేర్పించిన మాటలు, ఆ ఫోన్‌కాల్, అడగని పేరు. చంపినవాడు దొరికాడని చివర్లో చెప్పాడు. ఆమె ఎర్రపెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"మీ మీద కోపం రావాలె నాకు. అస్తది. రేపో ఎల్లుండో అస్తది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన పోయేనాటికి మా పెండ్లయి నాలుగేండ్లు. ఆయన ఇంట్ల గూడ మాట్లాడకపోయేది సార్. గా ఆఖరి మూడు నెలలు మాత్రం కాలేజీ నుంచి రాంగనే కూసోబెట్టి, ఇయ్యాల నీకు కష్టమైందేంది అని అడిగెటోడు. చెప్పేదాంక ఇడువకపోయేది. ఎక్కడ నేర్చుకున్నవు అంటే ఒక అన్న నేర్పిండు అనెటోడు. నాలుగేండ్లల నేను కాపురం జేసింది ఆ మూడు నెలలే."

ఏసోబు తల దించుకున్నాడు. గదిలో స్తంభాలేవీ లేవు. మూలన ఎవరూ నిలబడి లేరు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. నిజంగానే ఎవరూ లేరు, అది అతనికి ఊరటగా ఉందో ఇంకో దుఃఖంగా ఉందో తెలియలేదు.

స్నిగ్ధ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఇంతకీ మీ అసలు పేరేంది సార్ అని లోపలినుంచి అడిగింది. పదిహేడేళ్ల సర్వీసులో పని మీద కలిసిన ఏ మనిషికీ చెప్పని పేరు. అతను గొంతు సవరించుకుని చెప్పాడు. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద కుక్కర్ కూత వేసింది.

"యాకోబు సార్" అంది స్నిగ్ధ, గ్లాసులు కడుగుతూ. "చాయ్‌ల చక్కెర ఎంత?"

ఒక చెంచా చాలన్నాడు ఏసోబు. ఈ కొత్త దొంగపేరు వినడానికి బాగానే ఉంది.